మీ వంతు నిద్ర

ఇంటి నుంచి,
మెట్ల కింద కూర్చుని

ఏమండీ,

ముందుగా నా చేతిరాతకు క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. సూది పట్టినంత సులువుగా పెన్ను పట్టదు. వత్తులు ఉండాల్సిన చోట ఉండవు, దీర్ఘాలు వాటికి తోచిన చోట వాలతాయి. చదువుతూ మీరు నవ్వుకోండి గానీ, మీ గదిలో ఇంకొకరికి చూపించి నవ్వించకండి.

ఫోన్‌లో "ఊఁ" అనడం తప్ప ఏమీ మాట్లాడనని మీరు విసుక్కున్నారట, అత్తయ్య చెప్పారు. ఏం చేయను? ఫోను ఆవిడ మంచం పక్కనే ఉంటుంది. నేను ఎత్తగానే ఆవిడ టీవీ గొంతు తగ్గిస్తారు. మీరు "ఎలా ఉన్నావ్" అనగానే ఆవిడ నా ముఖంలోకే చూస్తారు. కాగితానికి చెవులు లేవు కదా అని ఇలా రాస్తున్నాను.

మీరు పంపిన బొమ్మల కాగితం అందింది. క్రేన్ నడిపేవాళ్లంతా ఇకనుంచి నిద్రను చూసే వస్తువు ఒకటి పెట్టుకోవాలని మీ కంపెనీ రూలు పెట్టిందని, మూడింటిలో ఏదో ఒకటి ఎవరికి వారే ఎంచుకోవచ్చని, ఏది తీసుకోమంటావని నన్ను అడిగారు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివాను. పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఏదీ ఎవరూ ఎంచుకోమనలేదు. బట్టలైతే అక్కకు పొట్టివైనవి, చెప్పులైతే అన్నయ్యకు బిగుతైనవి. మిమ్మల్ని కూడా నాన్నే చూసి వచ్చాడు. (అది మాత్రం బాగానే చూశాడు.)

అందుకని తొందరపడలేదు. నేను కాజాలు కుట్టే షాపులో కత్తెరమ్మను అడిగాను. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, మెడలో ఎప్పుడూ కత్తెర వేలాడుతుంది. మీ సంగతి ఎత్తకుండా, ఎవరో అడిగారన్నట్టు అడిగాను.

"నిద్రను చూడ్డానికి వస్తువేంటే? నిద్ర వస్తే తెలుస్తుంది, రాకపోతే ఇంకా బాగా తెలుస్తుంది" అంది ఆవిడ.

అయినా నా మాట నేను చెబుతాను. మొదటిది ముంజేతి పట్టీ. లోపల పచ్చదీపం వెలుగుతుందని రాశారు. చేతికి ఏదైనా ఉంటే మీకు గిట్టదు. ఇక్కడున్నన్నాళ్లూ వాచీని నిద్రలోనే తీసి దిండు కింద తోసేవారు. రెండోది ఉంగరం. చిన్నది, బాగుంది, కానీ గ్రీజు చేతుల్లోంచి జారి సముద్రంలో పడితే ఎవరు దిగుతారు? మూడోది పరుపు కింద పరిచే పలచని చాప. అది మనిషిని తాకదు, ఏమీ అడగదు. చీకట్లో కదలకుండా పడి ఉండి వింటుంది. నాకు అది నచ్చింది. చాప తీసుకోండి.

అవి ఏమేం చూస్తాయో ఆ కాగితంలో వరసగా ఉంది. గుండె చప్పుడు, కదలిక, ఊపిరి. ఊపిరి అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఎందుకో ఇప్పుడు రాయను. ఇంకోసారి.

మీ జవాబు కోసం గుమ్మం వైపు చూసే
మీ ఇంటి మనిషి



రేవు క్వార్టర్ల నుంచి

మా మూగపిట్టకి,

నోట్లో నాలుక లేదనుకున్నాను, అది నీ చేతి వేళ్లలో ఉందన్నమాట! నీ అక్షరాలకేం, ముత్యాల్లా లేకపోయినా మినుముల్లా ఉన్నాయి. ఏరుకుని చదివాను.

చాప సంగతి నువ్వు బాగానే ఆలోచించావు. కానీ దాన్ని పరచడానికి కంపెనీ మనిషే గదికి వచ్చి మంచానికి బిగించి పోతాడట. పట్టీ అయితే ఆఫీసులో వాళ్లే పెడతారు, రోజూ గేటు దగ్గర చెయ్యి చూపించి లోపలికి పోవాలి. ఉంగరం ఒక్కటే డబ్బాలో పెట్టి చేతికిస్తారు. అందుకని ఉంగరమే తీసుకుంటున్నాను. నీ మాట కాదన్నానని మూతి ముడుచుకోకు.

నా గది నీకు తెలియదు కదా. రెండు మంచాలు, ఒక కిటికీ. రెండో మంచం అతనిది రాత్రి షిఫ్టు. నేను దిగి వచ్చేసరికి అతను బూట్లు వేసుకుంటుంటాడు. ఒకరి ముఖం ఒకరం గుమ్మంలోనే చూసుకుంటాం. పొద్దున్నే నేను క్రేన్ ఎక్కుతాను. పైన గాజు గది. పాదాల కింద కూడా గాజే. ఓడలు పైనుంచి చూస్తే తొట్టిలో వదిలిన చెప్పుల్లా ఉంటాయి. కింద ఈల మామ నిలబడి చేతులతో సైగలు చేస్తాడు, ఈల వేస్తాడు. ఒక ఈలకు ఎత్తాలి, రెండు ఈలలకు దించాలి. ఆయన ఈల వినబడితే నాకు కళ్లతో పని లేదు. నన్ను అల్లుడూ అంటాడు, ఎవరి మామో ఎవరికీ తెలియదు.

నాకు నిద్ర బాగానే పడుతోంది. అమ్మకు అదే చెప్పు.

ఒక చిన్న పని. నీ కుడిచేతి నాలుగో వేలికి దారం చుట్టి, సరిగ్గా ముడి వేసి, ఆ దారం ఉత్తరంలో పెట్టి పంపు. ఎందుకని అడక్కు.

నీ
ఆకాశంలో మనిషి



కుట్టుషాపు నుంచి,
గుండీల డబ్బా మీద కాగితం పెట్టుకుని

ఏమండీ,

దారం ఇందులో ఉంది. కాజాలు కుట్టే గట్టి దారమే, సాగదు. చుట్టేటప్పుడు నా వేలు ఇంత సన్నమా అనిపించింది. ముడి ఊడిపోకుండా రెండోసారి కూడా వేశాను.

అడక్కన్నారు కాబట్టి అడగను. కానీ కత్తెరమ్మ ఊరుకుంటుందా?

"వేలికి దారమేంటే? మతిమరుపా?"

నేను తల దించుకున్నాను.

"ఓహో!" అంది ఆవిడ. పక్కన ఇస్త్రీ చేసే అమ్మాయి కూడా "ఓహో" అంది. వెనక మిషన్ల మీదున్న వాళ్లు విషయం తెలియకుండానే ఓహో అన్నారు. ఆ రోజంతా నా కాజాలన్నీ వంకరగా వచ్చాయి. విప్పి మళ్లీ కుట్టాను. విప్పుతుంటే కూడా నవ్వు ఆగలేదు.

ఇంకేం రాయను. రాస్తే తెలిసిపోతుంది.

మీ
నాలుగో వేలు



రేవు క్వార్టర్ల నుంచి

మూగపిట్టా,

డబ్బా విప్పావా? ముందు ఈ ఉత్తరం చదువు, తర్వాత పెట్టుకో. అది బంగారం కాదు. బంగారం కూడా ఒకనాటికి కొంటాను. ఇది కంపెనీ ఉంగరం. నీ వేలి కొలతకు తీసుకున్నాను.

ఎందుకో చెబుతాను, అమ్మకు చెప్పకు. నా పక్క క్రేన్ అతను పట్టీ పెట్టించుకున్నాడు. నిద్ర చాలకపోతే తెర మీద గీత ఎర్రగా వస్తుంది, అతనిది అలా వచ్చిందని క్రేన్ నుంచి దింపేశారు. పదేళ్లు పైనుంచి ఓడల్ని చూసినవాడు ఇప్పుడు గోడౌన్‌లో చీపురు పట్టుకుని నేలను చూస్తున్నాడు. నా సంగతి నాకు తెలుసు. పడుకుంటాను, లేస్తాను. కానీ రాత్రంతా బస్తాలు మోసినట్టు లేస్తాను. ఆ ఉంగరం నేను పెట్టుకుంటే నా గీత అతని గీత కన్నా ఎర్రగా వస్తుంది.

నీ నిద్రో? నీ అంత హాయిగా నిద్రపోయే మనిషిని నేను చూడలేదు. అక్కడున్నన్నాళ్లూ నాకు ఎప్పుడు మెలకువ వచ్చినా నువ్వు కదలకుండా, బొమ్మలా పడుకుని ఉండేదానివి. అంత నిద్ర ఉత్తినే పోతోంది కదా, అందులో నా వంతు నాకివ్వు. నువ్వు పడుకుంటే చాలు. నువ్వు పోయిన నిద్ర నా పేరున రాసుకుంటారు.

డబ్బాలో చిన్న ఫోను కూడా ఉంది. అది దిండు దగ్గర పెట్టు, చార్జింగు తీయకు. ఉంగరం పగలు కూడా వేలికే ఉండాలి. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకో. పగలు కునుకు తీయకు. నేను పైన పనిలో ఉన్నప్పుడు ఉంగరం నిద్రపోతే ఆ కబురు వెంటనే ఫోర్‌మన్ ఫోనుకు పోతుంది, నా కొంప మునిగినట్టే.

నా వేలికి మా లేతు మిషన్ అతను గుండ్రటి ఇనప బుష్ ఒకటి ఉంగరంలా నునుపుగా చెక్కి ఇచ్చాడు. అచ్చం అలాగే ఉంది. అడిగితే చెయ్యి చూపిస్తాను.

కొత్త పెళ్లాన్ని నగ అడగనివ్వకుండా నిద్ర అడుగుతున్నాను. నవ్వుకో.

నీ
ఆకాశంలో మనిషి



ఇంటి నుంచి

మీకు,

బంగారం అనుకున్నావా అని మీరు అడగలేదు, అనుకున్నానని తెలిసే రాశారు. అనుకున్నాను. షాపంతా అనుకుంది. ఇప్పుడు చెయ్యి కొంగు చాటున పెట్టుకుని కుడుతున్నాను.

నిద్ర అడిగి నవ్వుకోమన్నారు. నవ్వు రాలేదు. వస్తువు ఎంచుకోమంటే నన్ను అడిగారనుకున్నాను. నా వేలిని అడిగారు.

అయినా పెట్టుకున్నాను. మీరు చీపురు పట్టుకుని నిలబడినట్టు తలుచుకుంటే అన్నం దిగలేదు. అత్తయ్య రెండో రోజే చూశారు.

"ఏంటే అది, ఇనుమా?"

"ఊఁ."

"వాడు పంపాడా?"

"ఊఁ."

"ఇనుములో పుట్టి ఇనుములో పెరిగినట్టున్నాడు. పోనీలే తల్లీ, తుప్పు పట్టకుండా చూసుకో" అని నా తల నిమిరారు. ఆవిడ జాలి చూస్తే నాకే జాలేసింది.

మొదట్లో నిద్ర పట్టలేదు. పరీక్షకు కూర్చున్నట్టు ఉండేది. కళ్లు మూసుకుని, కదలకుండా, నిద్ర బాగా పోవాలి, బాగా పోవాలి అనుకుంటుంటే అది గడప దాకా వచ్చి చెప్పులు విడవకుండానే వెళ్లిపోయేది. తర్వాత ఏమైందో తెలియదు. మిమ్మల్ని తలుచుకుంటూ పడుకున్నాను, వచ్చేసింది.

ఇప్పుడు ఒక వింత జరుగుతోంది. మీ నిద్ర నేను పోతున్నాను కాబట్టి మీకు రావాల్సిన కలలు కూడా దారి తప్పి నా దగ్గరికి వస్తున్నట్టున్నాయి. నేనెప్పుడూ ఎక్కని గాజు గదిలో ఉంటాను. పాదాల కింద సముద్రం ఇస్త్రీ చేయని బట్టలా ముడతలు ముడతలుగా ఉంటుంది. చేతిలో మీట ఉంటుంది, ఎంత మెల్లగా లాగితే అంత మెల్లగా అన్నీ పైకి లేస్తాయి. నిన్న మన ఇల్లు ఎత్తాను. అత్తయ్య మంచం, టీవీ, మెట్లు, అన్నీ దారానికి గుచ్చినట్టు వరసగా గాల్లో తేలాయి. ఆవిడ కిందకు చూసి, "జాగ్రత్తే, పాలు పొంగుతాయి" అన్నారు. ఏదీ ఒలకకుండా మళ్లీ దించాను. లేచేసరికి చేతులు తేలిగ్గా ఉన్నాయి.

మీకు కలలు వస్తున్నాయా? నేనే అన్నీ వాడేసుకుంటున్నానేమోనని దిగులు.

మీ ఇంటి మనిషి



రేవు క్వార్టర్ల నుంచి

బంగారు మూగపిట్టకి,

అలిగావని తెలిసింది. "ఏమండీ" ఎగిరిపోయి "మీకు" వచ్చింది. తప్పే. కానీ ఇది విని అలక మానెయ్. ఫోర్‌మన్ అందరి ముందూ నా గీత చూపించాడు. "చూడండ్రా, నిద్రంటే ఇదీ! పచ్చటి పొలంలా ఉంది. ఒక్క ఎర్ర గడ్డిపరక లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నీ నిద్రకు కొట్టిన చప్పట్లు నేను రెండు చేతులా తీసుకున్నాను.

నాకు కలలు లేవు. నాకు రావాల్సినవి కూడా నీవే అనుకో, వాడుకో.

ఇక్కడ ఎండలు. మధ్యాహ్నం తిండి తిని పైకెక్కాక గాజు గది వెచ్చగా, తాళ్లు మెల్లగా ఊగుతూ, ఉయ్యాల్లో వేసినట్టు ఉంటుంది. కళ్లు జిగురు పెట్టినట్టు అతుక్కుంటాయి. తొడ గిల్లుకుంటాను, పాట పాడతాను. మొన్న ఒక తమాషా అయింది. ఓడలోంచి ఎత్తిన సరుకుల పెట్టె కాస్త వంకరగా దిగింది. ఈల మామ పిల్లిలా పక్కకు గెంతాడు. గెంతి, నడుం పట్టుకుని పైకి చూసి అరిచాడు.

"అల్లుడూ! నా మీద కోపముంటే నోటితో చెప్పు, పెట్టెతో చెప్పకు!"

రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రం టీ ఇప్పించాను. ఆ వయసులో అంత గెంతు గెంతినందుకు ఆయన మాత్రం వారం రోజులు గొప్పలు చెప్పుకుంటాడు.

నీ నిద్ర అలాగే సాగనీ.

నీ
ఆకాశంలో మనిషి



ఇంటి నుంచి,
అత్తయ్య పడుకున్నాక, వంటగదిలో

ఏమండీ,

మీ తమాషా చదివి నాకు నవ్వు రాలేదు. రేవంతా నవ్విందన్నారు. ఈల మామ ఇంట్లో వాళ్లకు చెబితే వాళ్లు కూడా నవ్వుతారా?

ఆ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి కల మారింది. గాజు గదిలోనే ఉంటాను. మీట లాగుతాను, పెట్టె లేస్తుంది. అంతా మెత్తగా, నీళ్లలో ఉన్నట్టు ఉంటుంది. కింద ఎవరో ఈల వేస్తుంటారు. ముఖం కనబడదు, పైకెత్తిన మెడ మాత్రం కనబడుతుంది. ఒక ఈల, రెండు ఈలలు, ఇక ఆపకుండా ఈలలు. నాకు అన్నీ వినబడతాయి. చెయ్యి మాత్రం లేవదు. ఆ చెయ్యి నాది కాదు కాబట్టి.

మీరు పెద్దవాళ్లు, లోకం చూసినవాళ్లు. నేను చెప్పేదాన్ని కాను. అయినా అడుగుతున్నాను. ఫోర్‌మన్‌కు ఉన్నమాట చెప్పండి. నిద్ర సరిపోవడం లేదని చెప్పండి. చీపురైతే చీపురే. మా నాన్న ఊడ్చే పనే చేశాడు, మేమందరం ఆ పనితోనే పెరిగాం. చీపురు వల్ల ఎవరూ చావలేదు.

మీ జవాబు త్వరగా రావాలి.

మీ ఇంటి మనిషి



రేవు క్వార్టర్ల నుంచి

పిచ్చిపిట్టా,

కలలు చూసి ఉద్యోగాలు వదులుకుంటే లోకంలో ఎవరూ పని చేయరు. ఈల మామ ఈ రేవులో పుట్టి ముసలివాడయ్యాడు. ఎక్కడ నిలబడాలో ఆయనకు నేను చెప్పాలా? ఒక్కసారి వంకరగా దిగినదాన్ని పట్టుకుని నువ్వు కొండను చేస్తున్నావు.

నా సంగతి నేను చూసుకుంటాను. నీ సంగతి నువ్వు చూసుకో. రాత్రి పడుకో, పగలు కునుకు తీయకు. అంతకు మించి నిన్ను ఏమీ అడగడం లేదు కదా.

పని ఎక్కువగా ఉంది. ఇక్కడితో ఆపుతాను.



ఇంటి నుంచి

ఏమండీ,

సరే.

అత్తయ్య మోకాళ్లు కాస్త నయం. వానలు మొదలయ్యాయి. షాపులో పని తగ్గింది, మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటున్నాను.

మీరు తిండి వేళకు తినండి.

మీ ఇంటి మనిషి



రేవు క్వార్టర్ల నుంచి

ఏం చేశావో నీకు తెలుసా?

పగలు కునుకు తీయొద్దని ఎన్నిసార్లు రాశాను? చదవడం రాదా? నేను పైన ఉండగా నీ ఉంగరం నిద్రపోయింది. ఫోర్‌మన్ బల్ల మీది ఫోను పిల్లిపిల్లలా అరిచిందట. నా పేరు, పక్కన ఎర్రగా "నిద్రలో ఉన్నాడు" అని. అతను భోజనం వదిలేసి, ఎంగిలి చేత్తోనే నిచ్చెన పట్టుకుని క్రేన్ ఎక్కాడు. తర్వాత ఏమైందో నీకు రాయాల్సిన పని లేదు. క్రేన్ దింపేశారు. గదిలో కూర్చున్నాను. డాక్టరు చూశాక ఏం చేయాలో చెబుతారట.

వేలికి ఉంగరం పెట్టుకుని కాస్త మెలకువగా ఉండమన్నాను. అంత చేతకాలేదు నీకు.

సమాధానం చెప్పు. ఫోన్‌లో "ఊఁ" అన్నట్టు కాదు. రాయి.



ఇంటి నుంచి

ఏమండీ,

నిద్ర వచ్చింది. పడుకున్నాను.

ఫోర్‌మన్ ఎక్కేసరికి మీరు మెలకువగా ఉన్నారా? ఆ ఒక్క మాట రాయండి. మిగతా తిట్లన్నీ తర్వాత పడతాను.

మీ ఇంటి మనిషి



రేవు క్వార్టర్ల నుంచి,
కిటికీ దగ్గర

మూగపిట్టా,

లేను.

ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. నీ మీద అరిచిన ఉత్తరంలో ఇది దాచాను. దాచడానికే అరిచాను.

పెట్టె గాల్లో ఉంది. నా చెయ్యి మీట మీద ఉంది. గడ్డం గుండెల మీద ఉంది. ఈల మామ సైగ చేసి చేసి, నేను కదలకపోతే ఏమైందో చూద్దామని దగ్గరికి వచ్చాడట. పెట్టె కిందే నిలబడి, తల పైకెత్తి, ఆపకుండా ఈల వేస్తున్నాడట. నాకు వినబడలేదు. ఆయన ఈల వినబడితే కళ్లతో పని లేదని నీకు రాసినవాణ్ణి. నా ఒళ్లు ఒక్క బెత్తెడు పక్కకు ఒరిగి ఉంటే నాతో పాటు మీట కూడా ఒరిగేది. ఫోర్‌మన్ వెనకనుంచి వచ్చి, నన్ను లేపకుండా, ముందు నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి పెట్టెను పక్కకు తిప్పాడు. ఆ చెయ్యి తగిలాకే నాకు మెలకువ వచ్చింది.

కిందకు దిగాక ఈల మామ నా వైపు చూడకుండా ఈల జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. జోకు కూడా వేయలేదు. అదే తట్టుకోలేకపోతున్నాను.

ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి విను. ఫోర్‌మన్ నా వేలికున్న ఇనప బుష్‌ను పట్టుకుని, "ఇది దేవతరా! ఇది లేకపోతే ఇవాళ ఒక ప్రాణం పోయేది" అని కళ్లకద్దుకున్నాడు. లేతు అతను వెనక నిలబడి దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నాడు.

డాక్టరు నా గీతలన్నీ తిరగేశాడు. "ఇంత చక్కగా నిద్రపోయేవాడివి పగలు ఎందుకు తూలావు? నీకు జబ్బేమీ కనబడటం లేదు. తాగావా?" అన్నాడు. లేదన్నాను. నమ్మలేదు. జబ్బు లేదని, నిర్లక్ష్యమని రాస్తే నన్ను తీసేస్తారు. ఆ నిద్ర నాది కాదని చెబితే మోసం కింద తీసేస్తారేమో. ఏమీ చెప్పకుండా ఇంకో రేవులో ఇంకో క్రేన్ ఎక్కొచ్చు. అక్కడ ఉంగరాలు లేవట. అక్కడ కూడా కింద ఎవరో ఒకరు నిలబడతారు కదా.

అప్పుడు ఏది తీసుకోమంటావని అడిగి నా ఇష్టం వచ్చింది తీసుకున్నాను. ఈసారి నిజంగా అడుగుతున్నాను. ఏం చేయమంటావు? నువ్వు ఏది రాస్తే అది చేస్తాను. అమ్మ మీద ఒట్టు.

నీ
నేల మీద మనిషి



ఇంటి నుంచి,
మెట్ల కింద

ఏమండీ,

ఇందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది డాక్టరు గారికి. మీరు చదివి, మడత పెట్టి, ఆయన చేతికే ఇవ్వండి. ఇదే నేను చేయమనే పని. రెండోది మీకు. ఉంగరం, ఫోను డబ్బాలో పెట్టి వేరుగా పంపాను. నా వేలి మీద తెల్లటి గీత పడింది.



డాక్టరు గారికి నమస్కారం. నేను క్రేన్ ఆయన భార్యను. తప్పులుంటే మన్నించండి.

మీరు చూసిన నిద్ర నాది. ఉంగరం ఇన్నాళ్లూ నా వేలికే ఉంది. ఆయన నిద్ర ఎలా ఉంటుందో నేను చెబుతాను. పెళ్లయ్యాక ఆయన ఇక్కడున్న రోజులన్నీ పక్కనే ఉండి విన్నాను.

మొదట గురక వస్తుంది. బరువైన బల్లను నేల మీద ఈడ్చినట్టు ఉంటుంది. అది పెరిగి పెరిగి ఒక్కసారి ఆగిపోతుంది. గురకే కాదు, ఊపిరి కూడా. ఛాతీ కదులుతుంది కానీ ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగలదు. నేను కూడా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. నేనే ముందు ఆగలేక వదిలేసేదాన్ని, ఆయనకు అప్పటికీ వచ్చేది కాదు. తర్వాత నీళ్లలో మునిగినవాళ్లు తల పైకెత్తినట్టు గట్టిగా పీల్చి, కాస్త కదిలి, మళ్లీ బల్ల ఈడ్వడం మొదలుపెట్టేవారు. తెల్లారే దాకా ఇదే. పక్కకు తిప్పితే తగ్గుతుంది, వెల్లకిలా ఉంటే ఎక్కువ. పొద్దున్నే నోరు ఎండిపోయి, తల నొప్పి అంటూ లేస్తారు. రాత్రి జరిగింది ఆయనకు తెలియదు. గదిలో ఇంకొకాయన రాత్రి షిఫ్టు కాబట్టి ఆయనకూ తెలియదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన తాగరు. ఇది జబ్బో కాదో మీరు చూడండి. ఉంగరం మోసం మా ఇద్దరిదీ. శిక్ష వేస్తే ఇద్దరికీ వేయండి. మందు మాత్రం ఆయనకు ఇవ్వండి. బాగయ్యే దాకా ఆయన్ను పైకి ఎక్కనివ్వకండి.



ఇక ఇది మీకు.

నా అంత హాయిగా నిద్రపోయే మనిషిని చూడలేదని రాశారు. మీరు కళ్లు తెరిచినప్పుడల్లా నేను బొమ్మలా ఉండేదాన్ని, నిజమే. మీ ఊపిరి తిరిగి వచ్చి మీరు కదలగానే నేను గబుక్కున కళ్లు మూసుకునేదాన్ని. కొత్త పెళ్లాం రాత్రంతా మొగుడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుంటుందని తెలిస్తే ఏమనుకుంటారో అని సిగ్గు. మీ ఊపిరి ఆగుతోందని చెబితే, ఈ పిల్ల ఏదో అపశకునం పలికిందని అత్తయ్య అనుకుంటారేమో అని భయం. అలా నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడితే ఏమవుతుందో కలలో ఈల మామ మెడ చూశాక తెలిసింది.

ఇంకొకటి. ఆ మధ్యాహ్నం నిద్ర రాలేదు. నేనే తెచ్చుకున్నాను. ఫోర్‌మన్‌కు చెప్పమన్నా మీరు చెప్పలేదు. నేనే చెబుదామంటే ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియలేదు. నా దగ్గర ఉన్నది ఒక్క నిద్రే. మీకు కళ్లు అతుక్కునే వేళ ఏదో మీరే రాశారు కదా, ఆ వేళకే రోజూ పడుకున్నాను. వెంటనే పట్టేది కాదు. కోడలు పగలు పడుకుంటానంటే అత్తయ్య ఏమంటారోనని వణికాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మొహం చాటంత చేసుకుని, "పడుకో తల్లీ, పడుకో. ఈ సమయంలో నిద్ర బాగా వస్తుంది. నాకూ వాడు కడుపులో ఉన్నప్పుడు ఇంతే" అని దుప్పటి కప్పి, కిటికీ మూసి, కాలి మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లారు. వీధిలో ఎంతమందికి చెప్పారో తెలియదు. కత్తెరమ్మ పసిపిల్లల చొక్కా కూడా కత్తిరించి పెట్టింది. ఆ సంగతి మీరే వచ్చి సర్దండి, నావల్ల కాదు.

ఆ రోజు వాన మెల్లగా పడుతోంది. దుప్పటి వెచ్చగా ఉంది. కళ్లు మూసుకోగానే గాజు గది వచ్చింది. ఈసారి నేను ఒక్కదాన్నే లేను. మీరు కుర్చీలో నిద్రపోతున్నారు. నేను మీ పక్కన నిలబడి, ఇక్కడ చేసినట్టే మీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. గాలి తగలలేదు. అప్పుడు గట్టిగా అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. లేచి చూస్తే అత్తయ్య గుమ్మంలో, "ఏమైందే?" అని. ఏమీ కాలేదన్నాను. అప్పటికే అక్కడ ఫోర్‌మన్ క్రేన్ ఎక్కాడని నాకు ఎలా తెలుస్తుంది?

మీకు తెలియని మాట ఇంకొకటి ఉంది. పగలంతా మీరు, మీరు అనే ఈ నోటితోనే, మీ ఊపిరి ఆగినప్పుడల్లా మీ చెవి దగ్గర ఏమనేదాన్నో చెప్పనా? "రా. తిరిగి రా. నన్ను వదిలి ఎక్కడికి పోతున్నావ్, రా" అనేదాన్ని. మీరు ప్రతిసారీ వచ్చేవారు. పిలిచింది ఎవరో తెలియకుండానే వచ్చేవారు.

డాక్టరు గారు ఏం రాసినా, క్రేన్ ఉన్నా పోయినా, ముందు ఇంటికి రండి. చీపురు పట్టుకుని రండి, చేతులు ఊపుకుంటూ రండి. నేను మెలకువగా ఉంటాను, ఈసారి కళ్లు మూసుకోను.

మొదటి కాగితం జాగ్రత్త. ఈ రెండోది అత్తయ్య కంట పడితే నేను తలెత్తుకోలేను, మీ గదిలో అతను చూస్తే అసలే బతకలేను. చదివావు కదా. ఇక కాల్చెయ్.